బల్లకి నాలుగో వైపు

ఐదు గంటలకి ఓపల్ ట్రాస్క్ తను చెయ్యని హత్యని ఒప్పుకుంటూ ఒక కాగితం మీద సంతకం పెట్టబోతోంది. నేను క్లెమెంట్ వార్నీ ఇంటి మెట్లెక్కేసరికి నాలుగు కావడానికి పది నిమిషాలుంది. అంటే నా చేతిలో ఉన్నది డెబ్భై నిమిషాలు. ఇరవై ఏళ్ళు సినిమాలకి కంటిన్యుటీ రాసినదాన్ని. ఏ షాట్‌లో సిగరెట్ ఎంత కాలింది, గ్లాసులో నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయి, గోడమీద గంట ఎంతయింది అని కాగితం మీద పెట్టడమే నా బతుకు. నాకు నిమిషాలు లెక్కపెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు.

ద్వారానికి అడ్డంగా ఫ్లాయిడ్ రాస్కర్ నిలబడి ఉన్నాడు. క్రెస్ట్‌హిల్ స్టూడియో భద్రతాధికారి అని అతని కార్డు మీద ఉంటుంది. ఏ హీరోగారో తాగి గోడకి కారు గుద్దితే, ఆ గోడే రోడ్డుకి అడ్డం వచ్చిందని పత్రికల్లో రాయించడం అతని అసలు ఉద్యోగం.

"వచ్చావా హేజెల్ డొంబ్రౌస్కీ! దర్శకుడి తప్పు నలుగురిలో దర్శకుడికే చెప్పి ఉద్యోగం ఊడగొట్టుకున్న మహాతల్లివి. ఇంకా ఆ పెన్సిలు చెవి వెనకే పెట్టుకు తిరుగుతున్నావా?"

"నీ పొట్ట ముందుకేసుకుని తిరగడం కంటే తేలికే ఫ్లాయిడ్. జరుగు."

"లోపల నీకేం పని లేదు. అంతా అయిపోయింది. ఆవేశంలో కాల్చేసిందని మెత్తగా రాయించాం. మా లాయరు ఐదింటికొస్తాడు. ఏడేళ్ళలో బయటికొచ్చేస్తుంది."

"ఆవిడకి యాభై ఎనిమిది."

"అయితే అరవై అయిదుకి వస్తుంది. ఈ ఊళ్ళో ఆడ నటులకి యాభై ఎనిమిదైతేనేం, అరవై అయిదైతేనేం?"

చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. అది తరవాత చూసుకోవచ్చని ఊరుకున్నాను. ఈలోగా లోపలినుంచి "ఆవిణ్ణి రానివ్వండి" అని లెఫ్టినెంట్ కెహో గొంతు వినబడింది. నగర పోలీసుల్లో హత్యల విభాగం అతనిది. ఏ వస్తువు ఎక్కడెలా ఉందో ఒకసారి చూసిపెట్టమని నాకు ఫోను చేసింది అతనే. సన్నగా, పొడుగ్గా, నిద్రమొహంతో ఉంటాడు. మొహం చూసి మోసపోయినవాళ్ళు చాలామంది ఇప్పుడు జైల్లో ఉన్నారు.

జరిగినదేమిటో అతను నిలబడే చెప్పాడు. క్లెమెంట్ వార్నీ, అరవై ఆరేళ్ళు. మూగ సినిమాల రోజుల్లో దేశమంతా పొట్ట పట్టుకుని నవ్వేది ఇతన్ని చూసే. మాటల సినిమా వచ్చాక ఆ పొట్టలు వేరేవాళ్ళని చూసి నవ్వాయి. ఈమధ్య వెయిటరు వేషాలూ, శవం వేషాలూ వేస్తున్నాడు. ప్రతి ఆదివారం ఒంటిగంటకి ఓపల్ ఇక్కడ భోజనానికి వస్తుంది, రెండున్నర ట్రాముకి వెళ్ళిపోతుంది. నిన్నా అంతే. రెండూ ఇరవైఐదుకి ఆవిడ హడావుడిగా గేటు దాటడం పక్కింటావిడ చూసింది. ఇవాళ పొద్దున తొమ్మిదింటికి, క్లెమ్ ఫోను ఎత్తడం లేదని ఓపలే మళ్ళీ వచ్చింది. భోజనాల బల్ల మీద తల వాల్చి, గుండెలో గుండుతో కనిపించాడు.

"డాక్టరు ఒంటిగంటకీ అయిదుకీ మధ్య అంటున్నాడు. కానీ పెనుగులాటలో గోడగూట్లోని గడియారం కిందపడి పగిలింది. రెండూ ఇరవై దగ్గర ఆగిపోయింది. అప్పటికి ఆవిడ ఇంట్లోనే ఉంది," అన్నాడు కెహో. "తుపాకీ వార్నీదే, సొరుగులో ఉంటుందని ఆవిడకి తెలుసు. ఆవిడ చేతి తొడుగు పక్కనే దొరికింది. కారణం బల్లమీద దొరికిన ఉత్తరంలో ఉంది. నాకు మాత్రం ఒక్కటే నచ్చలేదు. శవాన్ని చూసి ఆవిడ ముందు పోలీసులకి ఫోను చెయ్యలేదు."

"స్టూడియోకి చేసింది," అన్నాను.

"మీకెలా తెలుసు?"

"ఈ ఊళ్ళో ఇల్లంటుకున్నా ముందు స్టూడియోకే చేస్తారు లెఫ్టినెంట్. ఫైరింజన్‌కి వాళ్ళే చెబుతారు, అంటుకోవడం మంచిదనిపిస్తే."

రాస్కర్ తొమ్మిదీ పాతికకి వచ్చాడు. పోలీసులకి కబురందింది పదకొండూ పదికి. గంటా నలభై అయిదు నిమిషాలు ఈ ఇల్లు అతని చేతిలో ఉంది. నేను పెన్సిలు తీశాను.

"ఫ్లాయిడ్, ఆ గంటా ముప్పావూ ఏం సర్దావు?"

"నోరు జాగ్రత్త."

"కుర్చీలు జరిపావా? ఉత్తరం ముట్టుకున్నావా? లెఫ్టినెంట్‌ ముందే చెప్పు."

అతని మెడ ఎర్రబడింది. "చెంచా కూడా కదపలేదు! గుమ్మంలో నిలబడి చూశాను, ఆవిణ్ణి వంటింట్లో కూచోబెట్టాను, మా ఆఫీసుకి ఫోన్ చేశాను. కావాలంటే బైబిలు మీద ప్రమాణం చేస్తాను."

"అక్కర్లేదు, నీ మాట చాలు," అంటూ రాసుకున్నాను. నాలుగూ అయిదు. సర్దినవాడు రాస్కర్ కాదు. ఆ మాట అతని నోటే వచ్చింది, కెహో విన్నాడు కూడా.

వంటింట్లో ఓపల్ ఒక నారింజ వొలుస్తూ కూచుని ఉంది. తింటోందా అంటే లేదు. తొనలన్నీ పళ్ళెంలో వరసగా పేర్చింది. ఈ చేతులంటే నాకు గౌరవం. మొహానికి గిరాకీ పోయాక పదేళ్ళుగా ఆవిడ చేతులనే సినిమాల్లో వాడుతున్నారు. పెద్ద తారలు పియానో వాయిస్తున్నా, ఉత్తరాలు చింపుతున్నా, దగ్గరగా చూపించేవి ఈవిడ చేతులే. పేరు ఎక్కడా వెయ్యరు.

"నువ్వెందుకొచ్చావమ్మా? నీకిచ్చుకోడానికి నా దగ్గరేం లేదు," అంది.

"అడగలేదుగా. నిజంగా సంతకం పెడతావా?"

"స్టూడియో వాళ్ళు కాగితం ఇస్తే నేనెప్పుడు పెట్టలేదు గనక? చిన్నప్పణ్ణించీ అదే పని. చదివితే బాధేస్తుంది, చదవకుండా పెడితే తొందరగా అయిపోతుంది." తొన ఒకటి తీసి వరసలో సరిచేసింది. "క్లెమ్ లేడు. ఇంక ఆదివారాలు ఎక్కడికెళ్ళాలి చెప్పు? జైల్లో కనీసం భోజనానికి పిలుస్తారు."

దగ్గి, పెన్సిలు చెక్కుతున్నట్టు నటించాను.

"నిన్న ఏం జరిగిందో చెప్పు. మొదట్నించీ."

"ఏముంది? మాంసం ముద్ద కాల్చాడు, ఎప్పట్లాగే మాడ్చాడు. తీపికి నిమ్మకాయ పై చేసి నేను పట్టుకొచ్చాను. మాట్లాడుకున్నాం. నీలం గౌను ఇస్త్రీ చేసుకో, శుక్రవారం స్ట్రోడ్ విందుకి ఇద్దరం వెళ్తున్నాం అన్నాడు. అక్కడ లేచి ఒక మాట చెబుతాడట, జనం కుర్చీల్లోంచి పడతారట. ఏమిటయ్యా అంటే చెప్పడు. జూలియన్‌కి మాత్రం ఫోన్ చేసి చెప్పేశాను, ఎంతైనా అతని విందు కదా, ముందుగా చెప్పడం మర్యాద అన్నాడు."

నా పెన్సిలు ఆగింది. జూలియన్ స్ట్రోడ్. క్రెస్ట్‌హిల్ వాళ్ళ అతి పెద్ద దర్శకుడు. పాతికేళ్ళ కిందట 'పెళ్ళికూతురి పరుగు' అనే మూగ హాస్య చిత్రం తీసి, ఇరవై రెండేళ్ళకే మేధావి అనిపించుకున్నాడు. పారిపోయిన పెళ్ళికొడుకుగా క్లెమ్, వెంటపడే పెళ్ళికూతురుగా ఓపల్. ఆ సినిమాకి పాతికేళ్ళు నిండాయనే శుక్రవారం విందు. నేను అతని దగ్గర పదకొండు సినిమాలు చేశాను. రెండేళ్ళ కిందట నా ఉద్యోగం తీయించినదీ అతనే.

"భోజనానికి మీరిద్దరూ ఎలా కూచున్నారు?"

"ఎలాగేమిటి? ఎదురెదురుగా. అన్నం తినేటప్పుడు కోతి మొహాలు పెడతాడుగా, నేను చూడొద్దూ? పాతికేళ్ళ నించీ ఆయన కిటికీ వైపు, నేను గుమ్మం వైపు వీపు పెట్టుకుని."

"గూట్లో గడియారం?"

ఆవిడ మొట్టమొదటిసారి నవ్వింది. "అదా! అది మా పెళ్ళి గడియారం. ఆ సినిమాలో చర్చి గోడమీదిది. ఎప్పుడూ పన్నెండుకి పది నిమిషాలే. పెళ్ళి ముహూర్తం దాటిపోతోందని నేను దాన్ని చూసి ఏడవాలి... అయ్యో, అలా రాసుకుంటున్నావేంటి?"

"నువ్వు ఆ నారింజ తిను. నేను చెప్పేదాకా దేనిమీదా సంతకం పెట్టకు," అని లేచాను. నాలుగూ పదహారు.

భోజనాల గది గుమ్మంలో నిలబడ్డాను. శవాన్ని తీసుకెళ్ళిపోయారు. కెహో మనుషులు ఫోటోలు తీశారు, వేలిముద్రల పొడి చల్లారు, మిగతావన్నీ దొరికినవి దొరికినట్టే ఉన్నాయి. మధ్యలో పొడుగాటి బల్ల. దాని పైన కిందికి వేలాడే దీపం. రెండు కుర్చీలూ బల్లకి అవతలివైపే, పక్కపక్కన, గుమ్మానికి ఎదురుగా. ఇవతలివైపు ఖాళీ. మిగతా కుర్చీలు గోడకి చేర్చి ఉన్నాయి. రెండు కాఫీ కప్పులు. సగం తిన్న నిమ్మకాయ పై ఉన్న పళ్ళెం. ఓపల్ తొడుగు. దాని పక్కన తుపాకీ. చక్కెర గిన్నెకి ఆనించి నిలబెట్టిన ఉత్తరం.

ఉత్తరంలో టైపు కొట్టిన నాలుగు లైన్లు. 'ఓపల్, నా కొత్త సినిమాలో నీకు వేషం లేదు. నువ్విక పాతబడిపోయావు. ఇకమీద ఆదివారాలు రావద్దు. క్లెమ్.'

"లెఫ్టినెంట్, ఈ ఉత్తరం ఎవరు చదవాలి?"

"ఓపల్ ట్రాస్క్."

"ఆవిడ ఈ కుర్చీలో ఉంటే ఆవిడకి కాగితం వెనకవైపు కనిపిస్తుంది. రాసినాయనకీ అంతే. దీని మొహం ఎటుంది చూడండి. ఎవరూ లేని వైపుకి."

కెహో కళ్ళు చిన్నవి చేశాడు.

"ఇద్దరే ఉన్నప్పుడు ఏ ఇంట్లోనైనా ఎదురెదురుగా కూచుంటారు. పక్కపక్కన, ఒకే వైపు కూచుని తినే మనుషులు సినిమాల్లోనే ఉంటారు. ఎందుకంటే నాలుగో వైపు కెమెరా ఉంటుంది. కెమెరాకి ఎవరూ వీపు పెట్టకూడదు, ఉత్తరం కెమెరాకేసి తిరగాలి, నాలుగు లైన్లకి మించకూడదు, జనం అయిదు క్షణాల్లో చదివెయ్యాలి."

"ఈ ఊళ్ళో సగంమంది సినిమావాళ్ళేగా," అన్నాడు రాస్కర్ వెనకనించి. "మా గేటు కాపలావాడికి కూడా ఆ మాత్రం తెలుసు."

అతను చెప్పిందీ నిజమే. నేను గుమ్మంలో ఒక అడుగు ముందుకీ ఒక అడుగు వెనక్కీ వేసి చూశాను. వేలాడే దీపం అడ్డొచ్చి అవతలి కుర్చీలో మనిషి మొహం ఉండాల్సిన చోటు కనిపించడం లేదు. మెల్లిగా గొంతుకూచున్నాను. దీపం పైకి తప్పుకుంది. కప్పులు, తొడుగు, తుపాకీ, ఉత్తరం వరసగా వచ్చాయి. బల్ల కింది సందులోంచి, బల్ల కాలికి ఆనుకుని పడి ఉన్న గడియారం ముఖం తిన్నగా నాకేసి చూస్తోంది. రెండూ ఇరవై. ఒక్క అంగుళం అటూ ఇటూ అయినా ఏదో ఒకటి మరుగున పడుతుంది.

ప్రపంచమంతా నిలబడి తీసే షాట్‌ని మోకాలెత్తులో పెట్టి తీసే దర్శకుడు ఒక్కడే నాకు తెలుసు. పాలు పితికేవాళ్ళు కూచునే మూడుకాళ్ళ పీట ఒకటి వెంట తిప్పుకుంటాడు. పత్రికలవాళ్ళు దాని గురించి వ్యాసాలు కూడా రాశారు.

తివాచీ మీద నా బూటు పక్కనే మూడు చిన్న గుంటలు. ముక్కోణంలో ఉన్నాయి. ఇంత ఘోరం చేసి, కూచుని, తృప్తిగా చూసుకున్నాడన్నమాట.

కెహోని పక్కకి పిలిచి పేరు చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు. "వార్నీని ఎరిగినవాళ్ళందర్నీ రెండూ ఇరవైకి ఎక్కడున్నారో అడిగాం. నిన్న పన్నెండునించి మూడుంపావుదాకా స్ట్రోడ్ మీ స్టూడియో యజమాని ఇంట్లో టెన్నిస్ ఆడాడు. నలభై మంది చూశారు. రెండూ ఇరవైకి అతనిక్కడ ఎలా ఉంటాడు?"

"మూడుంపావు తరవాత?"

"అప్పుడెక్కడున్నాడని ఎవరూ అడగలేదు. గడియారం అడ్డొస్తోంది కదా."

"గడియారం సంగతి నాకొదిలెయ్యండి. మీ ఫోటోలు అయిపోయాయి కాబట్టి ఈ బల్లమీద మూడు వస్తువులు మార్చనివ్వండి. పది నిమిషాలు చాలు."

"ఇది పాత కక్ష!" రాస్కర్ చిందులు తొక్కాడు. "ఉద్యోగం పోయిన ఉక్రోషం లెఫ్టినెంట్! మిస్టర్ స్ట్రోడ్ అయిదు నిమిషాల్లో ఇక్కడికే వస్తున్నారు, పరామర్శకి. ఆయన ముందు ఈ వెర్రి వేషాలు..."

"నేను పిలిపించాలనుకున్నాను, నువ్వే పిలిపించావా? మంచిదానివి ఫ్లాయిడ్," అన్నాను. ఆ 'మంచిదానివి' అతనికి గుచ్చుకుంది. కెహో పెదవి చివర కాస్త వంగింది. "పది నిమిషాలు," అన్నాడు.

ఒక కుర్చీ తీసి బల్లకి ఇవతలివైపు, గుమ్మానికి వీపు పెట్టి వేశాను. ఉత్తరాన్ని తిప్పి అవతలి కుర్చీకేసి మొహం పెట్టాను. తుపాకీకి అడ్డంగా నిమ్మకాయ పై పళ్ళెం జరిపాను. ఇరవై ఏళ్ళు నా పని, షాట్‌కీ షాట్‌కీ మధ్య ఏదీ మారకుండా చూడడం. ఏరికోరి మార్చడం ఇదే మొదటిసారి. దొంగతనం చేస్తున్నంత సంబరంగా ఉంది.

నాలుగూ ముప్పై ఎనిమిదికి స్ట్రోడ్ వచ్చాడు. తెల్లని పూల గుత్తి, నల్లని టై. ఇద్దరు పత్రికా ఫోటోగ్రాఫర్లని మెట్లమీదే ఆపి, "తిరిగొచ్చేటప్పుడు తియ్యండి, అప్పటికి నా కళ్ళు ఎర్రగా ఉంటాయి" అనడం నా చెవులారా విన్నాను.

"ఓహో, మన హేజెల్!" అన్నాడు నన్ను చూసి. "ఇంకా తప్పులు వెతుకుతున్నావా?"

"దొరుకుతూనే ఉన్నాయి మిస్టర్ స్ట్రోడ్. ఈ ఇంటికి మీరు చివరిసారి ఎప్పుడొచ్చారు?"

"పదేళ్ళు దాటింది. అదే నా బాధ. కాలం మమ్మల్ని విడదీసింది." గుమ్మందాకా వచ్చి ఆగాడు. "ఇక్కడేనా? పాపం క్లెమ్. ఎంత గొప్ప నటుడు! నేనే అతన్ని..."

మాట ఆగింది. చూపు ఇవతలి కుర్చీ మీద పడింది. మళ్ళీ మొదలెట్టాడు. "నేనే అతన్ని తీర్చిదిద్దాను. ఆ కళ్ళలో ఉన్న..." చూపు మళ్ళీ కుర్చీ మీదికే పోయింది. పంటికింద రాయి పడ్డవాడిలా దవడ కదులుతోంది. నేను గోడకి ఆనుకున్నాను. కెహో కూడా పొగ తాగడం ఆపేశాడు.

"ఆ కళ్ళలో ఉన్న విషాదం..." అంటూ స్ట్రోడ్ లోపలికి నడిచి, దుఃఖంలో ఊతం కోసమన్నట్టు ఆ కుర్చీ వీపు పట్టుకున్నాడు. పట్టుకుని ఎత్తి, చుట్టూ తిప్పి తీసుకెళ్ళి, అవతలి కుర్చీ పక్కన వేశాడు. నాలుగూ నలభై ఒకటి. రాసుకున్నాను.

"...ప్రపంచం ఎప్పుడూ అర్థం చేసుకోలేదు." ఉత్తరం తిరిగింది. నాలుగూ నలభై రెండు.

నిమ్మకాయ పై పళ్ళెం కుడివైపుకి జరిగింది. తుపాకీ బయటపడింది. రెండడుగులు వెనక్కి నడిచి, సరిగ్గా ఆ మూడు గుంటల దగ్గర మోకాలు వంచి, ఒక కన్ను మూసి చూశాడు. అప్పుడు గాని అతని మొహంలో నిజమైన శాంతి రాలేదు. మళ్ళీ ముందుకెళ్ళి తొడుగుని వేలంత ఎడమకి లాగాడు. అది మాత్రం నేను మార్చలేదు. వేలిముద్రల పొడి చల్లేటప్పుడు కెహో మనిషి కదిపి ఉంటాడు.

"లెఫ్టినెంట్," అన్నాను మెల్లిగా. "మీ ఫోటో ఇలా ఇస్తారా?"

కెహో జేబులోంచి పొద్దుటి ఫోటో తీశాడు. బల్లకేసి చూశాడు, ఫోటోకేసి చూశాడు. తొడుగుతో సహా అక్షరం పొల్లుపోలేదు. రాస్కర్ కూడా మెడ చాచి చూశాడు. అతని నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"మిస్టర్ స్ట్రోడ్, పదేళ్ళనించి ఈ గదిలోకి రాలేదన్నారు. కుర్చీ అక్కడుండాలని మీకెవరు చెప్పారు?" అన్నాడు కెహో.

"ఎవరో చెప్పాలా? ఆ కుర్చీ ఇటుంటే ఉత్తరానికి అడ్డం! మొత్తం నాశనం! ఏ వెధవ పెట్టాడు దాన్నక్కడ?"

"అడ్డం ఎవరికి?" అన్నాను. "ఇక్కడ కెమెరా లేదు. జనం లేరు. ఇది ఇల్లు."

స్ట్రోడ్ మొదట నన్ను, తరవాత తన చేతుల్ని చూసుకున్నాడు. అవి అతను చెప్పకుండానే పనిచేశాయని అప్పుడే తెలిసినట్టుంది. కానీ తేలిగ్గా పడే మనిషి కాదు. టై సరిచేసుకున్నాడు.

"వృత్తి అలవాటు. దానికి ఉరి తియ్యరు లెఫ్టినెంట్. రెండూ ఇరవైకి నేను నలభై మంది మధ్య టెన్నిస్ ఆడుతున్నాను."

"అవును," అన్నాను. "ఈ ఊరంతటిలో మీకు మిగిలిన స్నేహితుడు ఆ గడియారం ఒక్కటే. పాపం, దాన్ని కూడా ఒక మాట అడుగుదాం."

బల్ల కాలి దగ్గరనించి గడియారాన్ని ఎత్తాను. చూడడానికి ఇత్తడిలా ఉంది గాని, రంగు వేసిన చెక్క. వెనక అట్ట మీద క్రెస్ట్‌హిల్ ముద్ర, దాని కింద సెట్ సామాను నంబరు.

"మీరు పాతికేళ్ళుగా సెట్లో 'గంట రెండూ ఇరవై' అని అరుస్తారు, ఎవరో వచ్చి ముల్లు తిప్పుతారు. ఆ గడియారం నడుస్తుందా లేదా అని మీరెప్పుడూ అడగలేదు. నిన్న మాత్రం మీరే తిప్పారు. అద్దం పగలగొట్టారు. ఆగిపోయిన గడియారం అని అందర్నీ నమ్మించారు. ఇది పన్నెండుకి పది నిమిషాల దగ్గర పాతికేళ్ళుగా ఉంది మిస్టర్ స్ట్రోడ్. ఎన్నడూ నడవలేదు. నడవనిది ఎలా ఆగుతుంది?"

గోటితో వెనక అట్ట ఊడదీశాను. చక్రాలు లేవు, తీగచుట్ట లేదు, ఉత్త డొల్ల. ఇంతవరకూ నేను ఊహించినదే. ఊహించనిది, ఆ డొల్లలో పాత రుమాల్లో చుట్టి పెట్టిన ఫిల్ము చుట్ట. గుప్పిట్లో పట్టేంత ఉంది.

స్ట్రోడ్ గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. అప్పుడు నాకు అంతా అర్థమైంది. అతను నిన్న ఈ ఇంట్లో దేనికోసం వెతికాడో, క్లెమ్‌ని దేనికోసం చంపాడో, అది అతని రెండు చేతుల మధ్యే ఉండింది. ముళ్ళు తిప్పి, విసిరి కొట్టి వెళ్ళిపోయాడు.

"సిగరెట్లు ఆర్పండి!" అని అరిచాను. "పాత ఫిల్ము, భగ్గుమంటుంది." రాస్కర్ సిగరెట్టుని గబుక్కున తన కాఫీలోనే ముంచేశాడు.

కిటికీ దగ్గరికెళ్ళి, సాయంకాలపు ఎండకి ఎదురుగా ఫిల్ము విప్పాను. మూగ సినిమాలన్నీ ఫిల్ములోని వెండి తీసుకోవడానికి కాల్చేస్తున్న రోజుల్లో క్లెమ్ ఈ ముక్క కత్తిరించి దాచుకుని ఉంటాడు. మొదటి బొమ్మల్లో నల్ల పలక పట్టుకుని ఒక సన్నటి మనిషి. మీసం లేకపోయినా ఆ దవడ గుర్తుపట్టచ్చు. ఇరవై రెండేళ్ళ జూలియన్ స్ట్రోడ్, పలక పట్టుకునే ఉద్యోగంలో. అతని వెనక పెళ్ళి గౌనులో, మేలిముసుగు భుజం మీదికి తోసేసి, చేతిలో దర్శకులు అరిచే గొట్టం పట్టుకుని, ఎవరికో వేలు చూపిస్తూ ఒకావిడ నిలబడి ఉంది.

"పలక మీద ఏముంది?" అన్నాడు కెహో.

ఫిల్ము అతనికే అందించాను. అతను కిటికీకి దగ్గరగా పట్టుకుని, కూడబలుక్కుని, పైకే చదివాడు.

"'పెళ్ళికూతురి పరుగు'. టేక్ తొమ్మిది. దర్శకత్వం, ఓపల్ ట్రాస్క్."

ఇన్నేళ్ళుగా మేమంతా ఎవరి పాదాల దగ్గర పెన్సిళ్ళు పట్టుకుని కూచున్నామో గుర్తొచ్చి నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. దాచుకోలేదు.

గుమ్మంలో ఓపల్ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. ఆవిడ ఫిల్ము వైపు చూడలేదు. ఖాళీ గడియారం వైపు చూస్తోంది.

"ఆడదాని పేరు వేస్తే హాస్య సినిమాకి ఎవరూ రారన్నారు," అంది మెల్లిగా. "కాగితం ఇచ్చారు, సంతకం పెట్టేశాను. అందరూ మర్చిపోయారు, నేనూ మర్చిపోయాననుకున్నాను. క్లెమ్ దాన్ని గూట్లో పెట్టుకుని, ప్రతి ఆదివారం నా ఎదురుగా కోతి మొహాలు పెడుతూ కూచున్నాడా? పాతికేళ్ళు? వెర్రిమనిషి." కళ్ళు తుడుచుకుని స్ట్రోడ్‌ని ఎగాదిగా చూసింది. "ఆ టేకులు తొమ్మిది ఎందుకయ్యాయో తెలుసా లెఫ్టినెంట్? ఇతగాడు పలక తిన్నగా పట్టుకోలేక."

నాలుగూ యాభై రెండుకి స్ట్రోడ్ చేతులకి బేడీలు పడ్డాయి. అతను తల తిప్పి బల్లకేసే చూస్తూ, పోలీసుల మధ్య వెనకదారిన వెళ్ళాడు. సరిగ్గా అయిదింటికి స్టూడియో లాయరు కాగితం పట్టుకుని మెట్లెక్కాడు. రాస్కర్ ఆ కాగితం అతని చేతిలోంచి తీసుకుని, నాలుగు ముక్కలు చేసి తన జేబులోనే పెట్టుకున్నాడు. తరవాత టోపీ తీశాడు. అతని నెత్తి నేను చూడడం అదే మొదటిసారి.

"మిస్ ట్రాస్క్," అన్నాడు, నేల చూస్తూ. "ఇప్పుడు నేనెవరికి ఫోన్ చెయ్యాలి?"

"స్టూడియోకి మాత్రం వద్దు," అంది ఓపల్. ఒంటిమీద ఉన్నది నీలం గౌను కాదు గాని, భుజం మీది వంటింటి తువ్వాలు తీసి కుర్చీ వీపుకి వేసి, జుట్టు వెనక్కి దువ్వుకుంది. బయట మెట్లమీద ఫోటోగ్రాఫర్లు ఇంకా ఎర్రబడ్డ కళ్ళకోసమే కాచుకుని ఉన్నారు. "వాళ్ళని లోపలికి రమ్మను. ఉండు, ముందా కుర్చీ తీసి ఇవతలేసి, ఎప్పట్లాగే ఎదురెదురుగా పెట్టు. ఆ దీపం ఆర్పెయ్, కిటికీ వెలుగు చాలు. గడియారం గూట్లో పెట్టి ముళ్ళు పన్నెండుకి పదికి తిప్పు. హేజెల్, నువ్వు రాసుకో."

నేను కొత్త పేజీ తిప్పాను. పైన దర్శకుడి పేరు రాసే చోట, పాతికేళ్ళు ఆలస్యంగా, ఓపల్ ట్రాస్క్ అని రాశాను.